మా వాడి కారూ, నా సంతకమూ

మా ఇంట్లో ఉన్న ఒక కారు బరువెంతో నాకు కిలోల లెక్కన తెలుసు. 931. సగం ట్యాంకు పెట్రోలుతో, లోపల మనిషి లేకుండా. మా పెళ్ళిరోజు మా వారికి ఏటా నేనే గుర్తు చెయ్యాలి. ఈ అంకె మాత్రం అర్ధరాత్రి నిద్ర లేపి అడిగినా చెప్పేస్తారు. నాకూ గుర్తే, ఎందుకంటే ఆ లెక్క రాసింది నేనే. పోపుల డబ్బా పక్కన పెట్టుకునే నా ఖర్చుల పుస్తకంలోనే, వెనక పేజీల నుంచి మొదలుపెట్టి, మూడేళ్ళ పాటు రాశాను.

మేం ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గర్లో నోవై అనే ఊళ్ళో. ఇక్కడ మన తెలుగువాళ్ళు బోలెడుమంది. వాళ్ళలో చాలామందికి కార్ల కంపెనీలతోనే బతుకు. మా వారూ అంతే. పగలంతా కంప్యూటర్లో కార్ల లెక్కలు వేసి వచ్చి, రాత్రి గరాజ్‌లో కారు కింద పడుకుంటారు. గుళ్ళో కనపడినవాళ్ళు, పిల్లల పుట్టినరోజుల్లో కలిసినవాళ్ళు నన్ను అడిగే మాట ఒకటే: "రేసు కారట కదా, నువ్వెలా ఒప్పుకున్నావు?" చెప్పుల స్టాండు దగ్గర నిలబడి చెప్పేంత చిన్న జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు కారు సంగతి చెప్తాను. దాని పేరు మజ్దా మియాటా. రెండే సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు, లైట్లు వేస్తే పైకి లేచే కప్పకళ్ళు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారట. అంతకు ముందు 1960లలో ఇంగ్లండులో లోటస్ ఎలాన్ లాంటి తేలికపాటి స్పోర్ట్స్ కార్లు ఉండేవి. సరదాగా ఉండేవి గానీ నమ్మకం తక్కువ, నూనె కారేవి. బాబ్ హాల్ అనే అమెరికన్ విలేఖరి మజ్దా పెద్దలతో, అలాంటి కారే మీరు చెయ్యకూడదా అని చెప్పి, తర్వాత ఆ కంపెనీలోనే చేరి ఆ పనిలో పాలుపంచుకున్నాడు. గుర్రమూ రౌతూ ఒకటే అయినట్టు ఉండాలని జపాన్ ఇంజినీర్లు దీనికి ఒక సూత్రం పెట్టుకున్నారు. ఇంజన్ చిన్నదే, 1.6 లీటర్లు, 116 హార్స్‌పవర్. కారు బరువు టన్నులోపు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన రెండు సీట్ల ఓపెన్ కారు ఇదేనని గిన్నిస్ రికార్డు కూడా ఉంది. 2016కి పది లక్షల కార్లు తయారయ్యాయి.

మాది 1992లో తయారైన ఎర్ర కారు. నా పెళ్ళి కంటే చాలా పాతది. 2021లో మా వారూ, అప్పటికి పధ్నాలుగేళ్ళున్న మా వాడూ టెన్నెసీ దాకా వెళ్ళి తెచ్చారు. ఇంత దూరం ఎందుకండీ, ఇక్కడ దొరకదా అంటే, మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి పాత కార్ల అడుగుభాగం తుప్పు పట్టి అప్పడంలా విరుగుతుందట. ఈ మియాటాలకి తలుపుల కింద ఉండే గట్టు మొదట పోతుందట. అందుకని ఉప్పు పడని ఊళ్ళో కొనాలి. ఆవకాయకి కాయ ఏ తోటదో చూసుకోమా, అలాగే అనుకున్నాను.

తెచ్చిన రోజు రాత్రి భోజనాల దగ్గర మా వారు అసలు సంగతి చెప్పారు. ఈ కారుని ఇంకా తేలిక చేసి, ఇంకా శక్తిగల ఇంజన్ పెట్టి, పోటీలకి తీసుకెళ్ళాలని. రెండేళ్ళ తర్వాత మా వాడు కూడా నడపాలని. మా వాడు కంచంలోంచి తలెత్తకుండా నా మొహం చూడ్డానికి ప్రయత్నిస్తున్నాడు.

నేను ఏమీ అనలేదు. నాకు మా చిన్న మావయ్య గుర్తొచ్చాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు చిన్న మావయ్య తెనాలి నుంచి గుంటూరు వెళ్తూ రాత్రిపూట మోటార్‌సైకిల్ మీద పోయాడు. ఎదురుగా వచ్చింది లారీయో, ట్రాక్టరో, ఈరోజుకీ ఎవరికీ తెలీదు. హెల్మెట్ ఇంట్లోనే ఉంది. సావిట్లో తలుపు పక్క మేకుకి తగిలించి. అమ్మమ్మ దాన్ని తియ్యనివ్వలేదు. వేసవి సెలవులకి వెళ్ళినప్పుడల్లా దాని కింద నుంచే లోపలికి వెళ్ళేవాళ్ళం. అమ్మమ్మ పోయి ఇల్లు అమ్మేసేదాకా అది అక్కడే ఉంది. మా ఇంట్లో స్పీడు అనే మాట ఎవరన్నా నాకు ఆ మేకు కనిపిస్తుంది. మా వారికీ ఈ సంగతి తెలుసు. అందుకే ఆ రాత్రి ఆయన గబగబా మాట్లాడలేదు, నేను చెప్పేదాకా ఆగారు.

నేను రెండు షరతులు పెట్టాను. ఒకటి, ఇంట్లో జీతం డబ్బు మీద దీనికి నెలకి ఇంత అని ఒక కవరు. కవరు ఖాళీ అయితే పని ఆగుతుంది. రెండు, ప్రాణాన్ని కాపాడేవి ముందు, పరుగెత్తించేవి తర్వాత. బ్రేకులు, సీట్లు, బెల్టులు, బోల్తా పడితే తల మీద కూలకుండా ఆపే ఇనప కమ్మీ, ఇవన్నీ బిగించాకే కొత్త ఇంజన్ మాట. "ఇంజన్ లేకుండానే సీటుబెల్టు కొంటామా?" అన్నాడు మా వాడు. "అన్నం ఉడక్క ముందే కంచాలు కడుక్కోమా?" అన్నాను. ఒప్పుకున్నారు.

మొదలుపెట్టింది విప్పడంతో. మీరు ఎప్పుడైనా పెళ్ళింటి పందిరి విప్పుతుంటే చూశారా, అలా ఉంటుంది. స్పేర్ టైరూ జాకీ తీసేశారు, 14 కిలోలు. కింద పరిచిన కార్పెట్టూ దాని కింద దూదీ, 9 కిలోలు. గుడ్డ టాపు దాని ఇనప చట్రంతో సహా 20 కిలోలు. దాని బదులు పెట్టేదేమీ లేదు, వానొస్తే తడవడమే. బ్యాటరీ తేలికది మార్చారు. పవర్ స్టీరింగ్ పంపూ గొట్టాలూ తీసేశారు. చిన్న చిన్న బ్రాకెట్లు, బోల్టులు, ప్లాస్టిక్ మూతలు అన్నీ నా వంటింటి కాటా మీద పెట్టి గ్రాములు చూసేవాళ్ళు. చపాతీ పిండి తూచే కాటా అది. నేను ఇంకో కాటా కొనుక్కుని, పాతది గరాజ్‌కి ఇచ్చేశాను. ఆ రోజు నుంచే బరువుల పుస్తకం నా చేతికి వచ్చింది. వాళ్ళిద్దరి చేతులకీ ఎప్పుడూ నూనే కదా, కలం పట్టుకునే శుభ్రమైన చెయ్యి నాదొక్కటే.

అప్పుడే మా అత్తయ్యగారు ఇండియా నుంచి వచ్చి ఆరు నెలలు ఉన్నారు. ఏసీ తీసేస్తున్న రోజు ఆవిడ గరాజ్ తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ గ్యాసుని ఊరికే గాల్లోకి వదిలితే ఈ దేశంలో నేరం. అందుకని ముందే ఒక షాపులో దాన్ని లాగించి తెచ్చారు. కంప్రెసరు, రేడియేటర్ ముందుండే జల్లెడ లాంటిది, గొట్టాలు, అన్నీ కలిపి 18 కిలోలు. ఆవిడ అంతా చూసి, "డబ్బు పోసి కొన్న కారులో ఏసీ పీకి, టాపు పీకి, తివాచీ పీకి, ఇహ మిగిలిందేమిట్రా? ఎడ్లు కట్టుకుంటే బండి!" అన్నారు. మా వాడు పడీ పడీ నవ్వాడు. ఆ తర్వాత ఆ కారుని మేమంతా బండి అనే పిలుస్తున్నాం.

తేలిక ఎందుకు అంత ముఖ్యమో మా వాడే నాకు చెప్పాడు. ఇంజన్ శక్తి పెంచితే కారు తిన్నగా పోయేటప్పుడు మాత్రమే లాభం. బరువు తగ్గిస్తే తిన్నగా పోయినా, మలుపు తిరిగినా, బ్రేకు వేసినా లాభమే. టైర్లు తక్కువ అరుగుతాయి, బ్రేకులు తక్కువ వేడెక్కుతాయి. లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ జీవితమంతా ఈ సూత్రం మీదే కార్లు కట్టాడట. కొత్తలో మా కారులో ఒక్కో హార్స్‌పవర్ ఎనిమిదిన్నర కిలోలు మొయ్యాల్సి వచ్చేది. ఇప్పుడు ఐదు కిలోల లోపే. వాడు ఇదంతా నాకు వంటింటి గట్టు మీద కూర్చుని చెప్పాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఏడాదికి ముందు వాడు వంటింటి గట్టు మీద కూర్చోవడం మానేశాడు. గది తలుపు, చెవుల్లో హెడ్‌ఫోన్లు, ఏం అడిగినా "ఊ", "తెలీదు". మా వారితో అయితే అదీ లేదు. లెక్కల్లో మార్కుల మీద ఒకసారి ఇద్దరూ పెద్దగా అరుచుకున్నారు. తర్వాత నెలల తరబడి ఒకరితో ఒకరు నా ద్వారానే మాట్లాడుకున్నారు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర. టీనేజ్ పిల్లలున్న తల్లులకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కారు వచ్చాక ఏదో అద్భుతం జరిగిందని చెప్పను. మొదట్లో గరాజ్‌లోంచి వినిపించిన మాటలు "పన్నెండో నంబరు పానా", "పట్టుకో", "వదులు", అంతే. కానీ ఒక బోల్టు తుప్పు పట్టి రాకపోతే, దాన్ని ఇద్దరూ కలిసే వంగి చూడాలి. ఒకరు టార్చి పట్టుకుంటే ఒకరు తిప్పాలి. వాళ్ళకి మొహమొహాలు చూసుకోకుండా మాట్లాడుకోడానికి ఒక వస్తువు దొరికింది. ఆరో నెలకి గరాజ్‌లోంచి నవ్వులు వినపడ్డాయి. నేను గిన్నెలు కడగడం ఆపి విన్నాను.

షరతు ప్రకారం రక్షణ సామాను ముందు వచ్చింది. సీట్ల వెనక నిలబెట్టే లావు ఇనప కమ్మీని రోల్ బార్ అంటారు. దాని బరువు 15 కిలోలు. అంత కష్టపడి గ్రాములు గ్రాములుగా తగ్గించి, ఒక్క వస్తువుతో 15 కిలోలు ఎక్కించడం వాళ్ళిద్దరికీ మనసొప్పలేదు. నా పుస్తకంలో మాత్రం ఆ 15కి ఎర్ర సిరాతో గుండ్రం చుట్టాను. దాని వెనక ఉన్న లెక్క కూడా తెలుసుకున్నాను. రేసు కార్లలో భుజాల మీద నుంచి వచ్చే బెల్టులు మనిషిని సీటుకి నిటారుగా కట్టేస్తాయి. రోల్ బార్ లేకుండా అవి మాత్రమే పెట్టుకుంటే, కారు తిరగబడినప్పుడు మనిషి పక్కకి కూడా వంగలేడు. అందుకని ఒకటి ఉంటే రెండోది ఉండాల్సిందే. మరి కారు చుట్టూ పూర్తి పంజరం కట్టకూడదా అంటే, మేం దీన్ని రోడ్డు మీద కూడా నడుపుతాం కాబట్టి కూడదట. హెల్మెట్ లేని తలకి ఆ కమ్మీలే దెబ్బ. ఉన్న ఒక్క కమ్మీకి కూడా గట్టి స్పాంజి తొడుగు వేశారు.

దీనికో పరీక్ష ఉంది. దాని పేరే చీపురుకర్ర పరీక్ష. నిజంగానే! రోల్ బార్ పైనుంచి ముందు అద్దం చట్రం పైకి ఒక తిన్నని కర్ర పెట్టాలి. హెల్మెట్ పెట్టుకుని బెల్టు బిగించుకున్న డ్రైవరు తల ఆ కర్ర కింద ఉండాలి, తగలకూడదు. నా మాప్ కర్ర పట్టుకెళ్ళారు. మా వారి తల తగిలింది. సీటు కింద జరుపుకునే పట్టాలు తీసేసి, సీటుని నేరుగా నేలకి బిగించారు. అప్పుడు నాలుగు వేళ్ళ ఖాళీ వచ్చింది. అంతా అయిందనుకున్నాం. రెండేళ్ళు గడిచేసరికి మా వాడు నాన్న కంటే పొడుగయ్యాడు! ఏడాదికోసారి నేను మాప్ కర్ర పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళడం, వాడు కూర్చోవడం, కర్ర హెల్మెట్‌కి టక్కుమని తగలడం. గోడ మీద పిల్లల ఎత్తు గీతలు గీసినట్టే అయింది. చివరికి సీటు లోపలి దిండు తీసేసి, వాడి వీపుకి సరిపడా పల్చటి స్పాంజి వేసి, వాణ్ణి కర్ర కిందకి తెచ్చారు.

ఇంకొకటి మెడకి. దాన్ని హాన్స్ అంటారు. భుజాల మీద కాలరులా కూర్చుంటుంది, హెల్మెట్‌ని రెండు పట్టీలతో పట్టుకుంటుంది. కారు గుద్దుకుంటే ఒంటిని బెల్టు ఆపుతుంది కానీ తల ముందుకి పోతుంది. అప్పుడు పుర్రె అడుగున ఎముక విరుగుతుంది. దీన్ని కనిపెట్టింది మాకు గంట దూరంలో ఉన్న మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రాబర్ట్ హబ్బర్డ్. ఆయన బావమరిది జిమ్ డౌనింగ్ మజ్దా కార్లతో రేసులు గెలిచిన డ్రైవరు. 1981లో వాళ్ళ స్నేహితుడొకరు ఒహాయో ట్రాక్ మీద ఇలాగే పోయాక, బావా బావమరుదులిద్దరూ కలిసి దీన్ని తయారుచేశారు. ఏళ్ళ తరబడి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2001 ఫిబ్రవరిలో డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ అంతటి డ్రైవరు చనిపోయాక, ఆ ఏడాది అక్టోబరులో నాస్కార్ ఇలాంటి పరికరాన్ని తప్పనిసరి చేసింది. ఈ కథ విన్న రోజు నాకు చాలాసేపు మాట రాలేదు. ఒక మనిషి పోతే ఆ ఇంట్లో ఒకరు మేకుకి హెల్మెట్ అలాగే ఉంచేస్తారు, ఇంకొకరు కూర్చుని మెడకి పట్టీ కుడతారు. రెండూ దుఃఖమే.

ఇంజన్ దగ్గరికొచ్చేసరికి 2023. పాత ఇంజన్‌కే టర్బో పెట్టొచ్చు, కానీ వేడి ఎక్కువ. పెద్ద వి8 పెట్టినవాళ్ళూ ఉన్నారు, కానీ ఖర్చూ బరువూ ఎక్కువ. మా వారు ఎంచుకున్నది హోండా కార్లలో వచ్చే కె24 అనే 2.4 లీటర్ల ఇంజన్. మజ్దా ఇంజన్ దిమ్మ పోత ఇనుము, దీనిది అల్యూమినియం. అందుకని పెద్దదైనా బరువు పెరగదు. ఇంజన్ ఒక్కటీ మారిస్తే సరిపోదు, వెనక చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్ కూడా మార్చాలి. 116 హార్స్‌పవర్‌కి చేసిన చిన్న పళ్ళు ఇంత శక్తికి ఆగవు. 1994 తర్వాత వచ్చిన మియాటాల్లోది పెద్దది, అది తెచ్చారు.

పాత ఇంజన్ బయటికి తీసిన మూడో వారంలో మా వారి ఉద్యోగం పోయింది.

నాలుగు నెలలు. కారు నాలుగు స్టాండ్ల మీద, ముందు భాగం ఖాళీగా, పన్ను ఊడిన నోరులా ఉండేది. మా వారు గరాజ్‌లోకి వెళ్ళడం మానేశారు. ఒక రాత్రి, "ఇంజన్ ఇంకా కొత్తగానే ఉంది, అమ్మేద్దాం. కారు కూడా ఉన్నది ఉన్నట్టు ఎవరైనా తీసుకుంటారు," అన్నారు. మా వాడు మెట్ల మీద నిలబడి విన్నాడని నాకు తెలుసు.

నేను పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాను. ఇంటి లోనూ, తిండీ, ఇన్సూరెన్సూ ముందు పేజీల్లో. దాచిన డబ్బుతో ఎనిమిది నెలలు నడుస్తుంది, లెక్క వేసే ఉంచాను. వెనక పేజీల్లో తీసేసిన సామాను జాబితా. టాపు, సీట్లు, ఏసీ, పాత ఇంజన్, గేర్‌బాక్సు. నా దృష్టిలో అవి బరువులే కాదు, మూలన పడున్న డబ్బు. ముప్పై ఏళ్ళ నాటి కారు కదా, బాగుచేసుకునేవాళ్ళకి ఆ సామాను కావాలి. "కారు అమ్మొద్దు. కవరు ఆపేద్దాం. ఇవి అమ్మి, వచ్చిన దాంతోనే మిగతా పని చెయ్యండి. జీతం డబ్బు ఒక్క డాలరు కూడా వద్దు," అన్నాను. మర్నాడు మా వాడు ఒక్కో వస్తువూ తుడిచి ఫొటోలు తీశాడు. రెండు నెలల్లో అన్నీ పోయాయి. ఎవరో తాతగారు ఆ టాపు కోసం ఇండియానా నుంచి వచ్చారు. నా సాంబారు ఇడ్లీ కూడా తిని వెళ్ళారు.

ఉద్యోగం మళ్ళీ వచ్చింది. కొత్త ఇంజన్ దసరాకి మోగింది. ఆయుధ పూజ నాడు పానాలకీ సుత్తికీ పసుపూ కుంకుమా పెట్టి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. వీడియోలో చూస్తున్న అత్తయ్యగారు "బండికి మూగతనం పోయింది!" అన్నారు. తర్వాత కొలిపిస్తే చక్రాల దగ్గర 190 హార్స్‌పవర్ దాటింది.

ఆఖరి పని నాలుగు చక్రాల మీదా బరువు సరిగ్గా పంచడం. ఒక్కో చక్రం కింద ఒక్కో కాటా పెట్టి, స్ప్రింగుల ఎత్తు కొద్దికొద్దిగా తిప్పుతూ, మూలకి మూల బరువు సగం సగం వచ్చేదాకా చూడాలి. అప్పుడే కుడికి తిరిగినా ఎడమకి తిరిగినా ఒకలా ఉంటుంది. ఆ సమయంలో డ్రైవరు సీట్లో డ్రైవరంత బరువు ఉండాలి. మా వారు 160 పౌండ్లు. ఇండియన్ స్టోరు నుంచి తెచ్చిన సోనా మసూరి బస్తాలు ఒక్కోటి 20 పౌండ్లు. ఎనిమిది బస్తాలు. ఆరు సీట్లో, రెండు కాళ్ళ దగ్గర. చాలాసేపు మా కారుని బియ్యమే నడిపింది. ఆ బియ్యం తర్వాత నెలల తరబడి వండుకున్నాం.

ఈ ఏప్రిల్‌లో మా వాడు ఒక కాయితం తెచ్చాడు. వాడికి లైసెన్సు ఉంది, పదిహేడేళ్ళు. పద్దెనిమిది నిండనివాళ్ళు పోటీలో నడపాలంటే తల్లీ తండ్రీ ఇద్దరూ సంతకం పెట్టాలి. మా వారు పెట్టేశారు. ఆయన పక్కన గీత ఖాళీగా ఉంది. ఆ కాయితం మూడు రోజులు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. వాడు అడగలేదు. మా వారూ అడగలేదు. పాల సీసా తీసినప్పుడల్లా అది నన్ను చూస్తూనే ఉంది.

మూడో రోజు నేనే వాణ్ణి పిలిచి కూర్చోబెట్టాను. "ఎక్కడ నడుపుతావు, ఎంత స్పీడు, పక్కన ఎవరుంటారు, చెప్పు." వాడు చెప్పాడు. ఇది ఆటోక్రాస్. పెద్ద ఖాళీ పార్కింగ్ స్థలంలో రబ్బరు కోన్లు పెట్టి దారి గీస్తారు. ఒకరి తర్వాత ఒకరు, గడియారంతోనే పోటీ, ఇంకో కారు పక్కన ఉండదు. ఒక్క పరుగు నిమిషంలోపే. కోన్ పడితే రెండు సెకన్లు కలుపుతారు. మన హైవే మీద వెళ్ళేంత స్పీడు కూడా దాటడం అరుదు. "అసలు ట్రాక్ మీద దీనికి రెట్టింపు స్పీడు ఉంటుందమ్మా. స్పీడు రెట్టింపైతే గుద్దుకునే శక్తి నాలుగింతలు. అందుకని ట్రాక్ ఇప్పుడు అడగను," అన్నాడు. ఆ ఆఖరి మాట వాడంతట వాడే అన్నాడు.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. పోయింది ఆవిడ తమ్ముడు. అన్నీ చెప్పాను, కర్ర పరీక్షతో సహా. అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తర్వాత అడిగింది, "వాడి దగ్గర ఎవరుంటారే?"

"వాళ్ళ నాన్నుంటాడమ్మా. నేనుంటాను. ఇంకా వందమంది ఉంటారు, అంబులెన్సు ఫోన్ చేసినంత దూరంలో ఉంటుంది."

"మావయ్య దగ్గర ఆ రాత్రి ఎవరూ లేరు," అంది అమ్మ. కాసేపాగి, "పెట్టు," అంది.

పెట్టాను. కింద తేదీ కూడా వేశాను.

పోటీ రోజు పొద్దున్నే అందరూ ఆ దారంతా నడిచి చూసుకుంటారు. మన గుడి ప్రదక్షిణలా. తర్వాత తనిఖీ: బ్యాటరీ కదులుతోందా, చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయా, హెల్మెట్ ముద్ర సరైనదేనా. సగం రోజు నడిపితే సగం రోజు ఎండలో నిలబడి పడిపోయిన కోన్లు నిలబెట్టాలి, ఎవరికీ మినహాయింపు లేదు. ఆ రూలు నాకు చాలా నచ్చింది. మా వాళ్ళిద్దరూ ఒకే కారుని వంతులవారీగా నడిపారు. మొదటి పరుగులో మా వాడు నాన్న కంటే నాలుగు సెకన్లు వెనక. ఆఖరి పరుగులో ఒక సెకను. ఒక కోన్ కూడా పడేశాడు. అది దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ళ దగ్గర ఆగింది. నేనే నిలబెట్టాను.

వాడు కారు ఆపి దిగి హెల్మెట్ తియ్యగానే మా వారు మొదట అడిగింది, "ఆ మూడో మలుపులో బ్రేకు ఎక్కడ వేశావురా?" అని. వాడు చేతులు తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు. ఇద్దరూ కారు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, టైరు మీద వేలు పెట్టి చూస్తూ, పులిహోర చల్లారిపోయేదాకా మాట్లాడుకున్నారు. నేను పిలవలేదు.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఇంకో కాయితం ఉంది. వాడికి పద్దెనిమిది నిండాక ట్రాక్ మీద నడపాలంటే ఏమేం ఉండాలో వాడే రాశాడు. మెడకి హాన్స్, మంటకి ఆగే బట్టలు, కొత్త బెల్టులు, ముందు పక్కన కూర్చుని నేర్పే గురువు. పద్దెనిమిది నిండితే నా సంతకం ఎవరూ అడగరు. అయినా ఆ జాబితా అడుగున వాడు రెండు గీతలు గీశాడు. ఒకటి "నాన్న", ఒకటి "అమ్మ" అని రాసి. మొన్న మా వారు కారులో హీటర్ తీసేస్తే ఇంకో 6 కిలోలు తగ్గుతాయని లెక్క చెప్తున్నారు. మిషిగన్‌లో హీటరేమిటండీ తీసేది అన్నాను. పుస్తకంలో ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.